కడగని సంపు

చిరాకు మేస్త్రి చివరి బోల్టు ఊడదీసి, బస్సు ఇంజను అడుగున ఉండే సంపును రెండు చేతులా పట్టుకుని మెల్లగా కిందికి దించుకున్నాడు. గుంటలో నిలబడే లైటు దగ్గరికి లాక్కుని లోపలికి చూశాడు. చూసి, "ఛీ" అన్నాడు.

ఆయన ఛీ అనడం ఆ షెడ్డులో వింతేమీ కాదు. టీ చల్లారితే ఛీ, స్పానరు పెట్టిన చోట లేకపోతే ఛీ, జిడ్డు చేతులతో ఎవరైనా స్టీరింగు ముట్టుకుంటే రెండు ఛీలు. ఆ పేరు ఊరికే రాలేదు. కానీ ఈ ఛీ వేరు. ఇది అలవాటుగా నోట్లోంచి వచ్చింది కాదు, లోపల కనిపించినదాన్ని చూసి వచ్చింది.

సంపు అంటే ఇనుప తొట్టి. ఇంజను నూనె అంతా అందులోకి దిగుతుంది. పంపు దాన్ని పీల్చి, తిరిగే ప్రతి ముక్కకీ మళ్ళీ పైకి పంపుతుంది. పీల్చే గొట్టం మూతికి ఒక జల్లెడ ఉంటుంది. ఆ జల్లెడ ఇప్పుడు కనిపించడమే లేదు. దాని మీద చల్లారిన గంజి మీది తెట్టులాగా గోధుమరంగు ముద్ద ఒకటి మందంగా పేరుకుపోయింది. సంపు అడుగున కూడా అదే. మేస్త్రి చూపుడువేలు గుచ్చాడు. వేలు తీసేశాక కూడా గుంట అలాగే ఉండిపోయింది. వేలికంటినదాన్ని బొటనవేలితో నలిపాడు. నూనె అయితే జారాలి. ఇది సాగింది. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మాడిన నూనె వాసన ఆయనకి రోజూ ఉండేదే. ఇది అది కాదు, పుల్లగా, ఘాటుగా, మందు పులిసినట్టుంది.

ఆ వాసన కూడా ఆయనకి తెలిసిందే. షెడ్డు మూల అరల్లో పేర్చి ఉన్న ఎర్ర డబ్బాల మూత తీస్తే వచ్చేది అదే.

సంపు విప్పే ముందు నూనె దించినప్పుడే ఆయనకి అనుమానం తగిలింది. నూనె తక్కువైందంటే నమ్మొచ్చు. కానీ కింద పట్టిన తొట్టి నిండింది. ఉండాల్సిన నూనె ఉండాల్సినంతా ఉంది. అంటే నూనె కొలిచే పుల్ల, డిప్‌స్టిక్, తీసి చూసినవాడికి గీత దాకా కనిపించే ఉంటుంది. అంత నూనె కింద పెట్టుకుని, పైన ఇంజను గొంతు తడవక చచ్చిపోయింది. మేస్త్రి ఒక బేరింగు కూడా విప్పి చూశాడు. వెండిలా మెరవాల్సిన లోపలి పూత లేచిపోయి, అడుగున రాగి బయటపడింది. అందులో తిరిగే క్రాంకు ఇరుసు కమ్మరి కొలిమిలోంచి తీసినట్టు నీలంగా మారింది.

ఆ బస్సు డ్రైవరుని అందరూ నిమ్మళం అంటారు. అతను నడిపితే ప్రయాణికులు విసుక్కుంటారు గానీ బస్సు విసుక్కోదు. ఎత్తు రోడ్డు మీద ఇంజను టకటకమంది, ఎర్ర దీపం వెలిగింది. వెంటనే పక్కకి తీసి ఆపేశాడు. అందర్నీ దించి, సామాన్లు అందించి, ఫోను చేశాడు. చెయ్యాల్సింది అంతా చేశాడు. అప్పటికే ఇంజను పట్టేసింది. మర్నాడు బస్సుని గొలుసు కట్టి లాక్కొచ్చారు, నిమ్మళాన్ని గేటు బయటే ఆపేశారు. ఆయిలు చూసుకోకుండా బస్సు తోలాడని ఓనరు తేల్చేశాడు, ఇంజను విప్పకముందే.

*

ఆ షెడ్డులో ఒక పద్ధతి ఉంది. విప్పిన ఇంజను ముక్కల్ని గోనెపట్టా మీద వరసగా పరుస్తారు. ఓనరు, డ్రైవరు, మేస్త్రి, ముగ్గురూ పక్కపక్కన నిలబడి చూసేదాకా ఒక్క ముక్క మీద కూడా కిరసనాయిలు పడదు. ఇప్పటి ఓనరు వాళ్ళ నాన్న పెట్టిన పద్ధతి అది. మురికి ఉంటేనే ఎవరి తప్పో తెలుస్తుంది, కడిగేశాక అన్ని ముక్కలూ ఒక్కలాగే ఉంటాయి అనేవాడు ఆ పెద్దాయన. చిరాకు మేస్త్రికి ఈ లోకంలో చిరాకు లేని సంగతులు చాలా తక్కువ. ఈ పద్ధతి అందులో ఒకటి.

ఓనరు వచ్చేసరికి మేస్త్రి పట్టా పరిచి, సంపుని నడిమధ్యన పెట్టాడు. ఓనరు దూరంగానే ఆగిపోయాడు. ఫోను చూసుకున్నాడు. టైరు తన్ని చూశాడు. మిగతా బస్సుల సంగతులు అడిగాడు. సంపు వైపు మాత్రం తల తిప్పలేదు. మేస్త్రి చెప్పబోయాడు. జల్లెడ మూసుకుపోయిందనీ, డ్రైవరు ఎంత చూసుకున్నా ఇది కనపడేది కాదనీ, నూనెలో ఆ ఎర్ర డబ్బా మందు కలపడం మొదలెట్టాకే ఈ ముద్ద పడుతోందనీ. ఓనరు మొహం మాడ్చుకుని సగంలోనే ఆపేశాడు.

"కడిగెయ్," అన్నాడు.

"డ్రైవరు ఇంకా చూళ్ళేదు సార్."

"వాడు చూసేదేంటి? బస్సు ఆగాక డబ్బాలో తెచ్చుకున్న ఆయిలు పోసేసి ఉంటాడు, నిండుగా ఉందని చెప్పుకోడానికి. నువ్వు కడిగెయ్. శనివారం డ్రైవర్లందరూ వస్తారు. వాళ్ళ ముందు నువ్వే చెప్పాలి, ఆయిలు చూసుకోలేదు, అందుకే పోయిందని. నీ నోటితో చెబితే ఎవరూ మారు మాట్లాడరు."

మేస్త్రికి ఒళ్ళు మండింది. మండినా, ఓనరు ఎందుకలా అంటున్నాడో ఆయనకి తెలుసు. ఎర్ర డబ్బా మీద ఓనరుకి పిచ్చి మోజు. ప్రతి బస్సుకీ, ప్రతి ఆయిలు మార్పిడికీ ఒక డబ్బా పడాల్సిందేనని షెడ్డు గోడ మీద రంగుతో రాయించాడు. అంతటితో ఊరుకోకుండా మిగతా బస్సుల యజమానుల దగ్గర కూర్చుని, నా ఇంజన్లు చూడండి ఎంత మెత్తగా తిరుగుతున్నాయో అని గొప్పలు పోయాడు. నలుగురైదుగురు ఆయన మాట మీద కొన్నారు కూడా. ఇప్పుడు ఇంజను చెడగొట్టింది డబ్బా అని తేలితే ఆయన మొహం ఎక్కడ పెట్టుకోవాలి? అదే తప్పు నిమ్మళానిదైతే ఎవరి మొహమూ చెడదు, ఒక్క నిమ్మళం మొహం తప్ప. ఇంజను మాడ్చినవాడనే పేరు ఒకసారి పడితే ఇంకో షెడ్డువాడు అతనికి తాళం చెవి ఇవ్వడు. స్టీరింగు తప్ప అతనికి ఇంకో పని రాదు. ఇదంతా ఓనరుకీ తెలుసు. తెలిసే, ఫోను చూసుకుంటున్నాడు.

చిరాకు మేస్త్రి నోరెత్తకపోవడానికి ఇంకో కారణం ఉంది. ఆ ఎర్ర డబ్బాలు తెచ్చి అమ్మేది ఆయన సొంత బావమరిది, భార్యకి ఒక్కగానొక్క తమ్ముడు. మేస్త్రి ఇంటివాడన్న నమ్మకంతోనే ఓనరు అతన్ని గేటులోకి రానిచ్చాడు.

మేస్త్రి సంపుని కడగలేదు. అలాగని ఎదిరించనూ లేదు. ఓనరు వెళ్ళిపోయాక గోనెపట్టా మడిచి సంపు మీద కప్పి, రెండిటినీ కలిపి బల్ల కిందికి కాలితో తోశాడు. తన్నినట్టే తోశాడు.

*

ఇంటికి వెళ్ళేసరికి బావమరిది కారు గుమ్మం ముందుంది. కొత్తదేం కాదు గానీ కొత్తదానిలా తుడిచి ఉంది. లోపల అతను కుర్చీలో వెనక్కి వాలి టీ తాగుతున్నాడు. అతని కాళ్ళ దగ్గర, ఎర్ర డబ్బాలు అమ్మడానికి ఎప్పుడూ వెంట తిప్పే పెట్టె కూడా ఉంది.

ఆ పెట్టెలో ఒక చిన్న మోటారు, మోటారుకి ఒక ఉక్కు చక్రం, చక్రానికి ఆనించి నొక్కడానికి ఒక కడ్డీ. మామూలు నూనె పోసి నొక్కితే చక్రం కీచుమంటుంది, పొగ వస్తుంది, ఆగిపోతుంది. ఎర్ర డబ్బాలోది పోసి నొక్కితే ఎంత బలం వేసినా కిమ్మనదు. ఆ ఆటతోనే అతను ఓనరుని పడేశాడు. మొదటిసారి చూసినప్పుడు మేస్త్రి కూడా నోరు తెరిచాడు, ఆ మాట ఒప్పుకోవాలి. ఆ రోజే నిమ్మళం పక్క కొట్లోంచి షాంపూ తెచ్చి చక్రం మీద పిండాడు సరదాకి. అప్పుడూ చక్రం కిమ్మనలేదు. అందరూ పగలబడి నవ్వారు, బావమరిది అందరికన్నా గట్టిగా నవ్వాడు. షాంపూతో బస్సు తోలతావేంట్రా అని నిమ్మళాన్ని ఏడిపించారు. అంతే తప్ప, షాంపూ కూడా నెగ్గిన ఆటలో నెగ్గడం ఏం గొప్పని ఒక్కడూ అడగలేదు. మేస్త్రి కూడా అడగలేదు. అది తలుచుకుంటే ఇప్పుడు ఆయనకి తన మీదే అసహ్యం వేస్తోంది.

అడగాల్సింది ఇంకోటి కూడా ఉంది. ఇంజను నూనె తయారుచేసేవాళ్ళు కలపాల్సినవన్నీ కలిపే పంపుతారు. మసి పట్టి ఉంచేది ఒకటి, అరుగుదల ఆపేది ఒకటి, నురగ రాకుండా చూసేది ఒకటి, దేని పాళ్ళు దానివి. అందులో పైనించి ఇంకో మందు కుమ్మరిస్తే ఆ పాళ్ళు ఏమవుతాయి? మేలు చేసే మందులు ఎక్కడన్నా ఉంటే ఉండొచ్చు. మేస్త్రి ఇంజన్లు విప్పేవాడే తప్ప నూనెలు కాచేవాడు కాదు, ఆయనకి తెలియదు. ఎర్ర డబ్బా పోసిన కొత్తలో ఇంజన్లు నిజంగానే చప్పుడు తగ్గాయి. నూనె చిక్కబడి తగ్గాయో, మందు పనిచేసి తగ్గాయో ఎవరు విప్పి చూశారు? డబ్బా మీద సింథటిక్ అని మెరిసే అక్షరాలు ఉన్నాయి, లోపల ఏముందో మాత్రం ఎక్కడా లేదు.

కాళ్ళు కడుక్కుని వచ్చి కూర్చోగానే బావమరిది మాట అందుకున్నాడు. నిమ్మళం సంగతి అతని దాకా వచ్చింది. కొందరు డ్రైవర్లంతే బావా, బండి మీద ప్రేమ ఉండదు అన్నాడు నొచ్చుకున్నట్టు. అదే నోటితో, శనివారం తన కారు షెడ్డుకి తెస్తానని, ఆయిలు మార్చాలని అన్నాడు.

"నువ్వే మార్చు బావా. నా బండి ఇంకొకళ్ళ చేతిలో పెట్టను."

మేస్త్రి అతని మొహం చూశాడు. సంపు గురించి నాలుక చివరిదాకా వచ్చింది. ఈలోపు లోపలి గదిలోంచి కుట్టుమిషను చప్పుడు ఆగింది.

భార్య స్కూలు యూనిఫారాలు కుడుతుంది. మామూలుగా ఆ మిషను చప్పుడు ఇంట్లో గడియారంలాంటిది, ఉన్నట్టు తెలియదు. ఈ మధ్య అది తెలుస్తోంది. మోటారు ములుగుతోంది. చక్రాన్ని చేత్తో తోసి సాయం పడితే గానీ సూది లేవడం లేదు. మేస్త్రి గుమ్మంలోంచి చూశాడు. ఆవిడ కుడిచేత్తో చక్రం నెడుతూ, నెట్టిన అరచేతిని చీర చెంగుకి రాసుకుంటోంది. చెయ్యి ఎర్రబడింది. ఏమైందే మిషనుకి అన్నాడు. ఏం లేదు, దారం మందం అంది. మిషనులో చుక్క నూనె పొయ్యాలేమో చూస్తానన్నాడు. వద్దన్నట్టు తల ఊపింది, తమ్ముడి వైపు ఒకసారి చూసి.

బావమరిది కుర్చీలోంచే అందుకున్నాడు. అక్కకి నేనే పోశాగా బావా, చిన్న సీసాలో తెచ్చి, పోయిన నెలలో అన్నాడు. "బస్సుకైనా మిషనుకైనా ఇనుము ఇనుమే కదా అక్కా. నువ్వు బతికున్నంతకాలం ఇంక దీన్ని విప్పక్కర్లేదు."

ఆవిడ నవ్వి ఊరుకుంది. అతను వెళ్ళాక మేస్త్రి షెడ్డులో జరిగిందంతా చెప్పాడు, సంపులో చూసిందీ, ఓనరు అన్నదీ. ఆవిడ కత్తెర పట్టుకుని, కత్తిరించకుండా, అంతా వింది. చివర్లో ఒక్కటే అడిగింది. ఆ ముద్ద ఆ డబ్బాదేనని మీకు గట్టిగా తెలుసా అని. తెలుసని గబుక్కున అనబోయి మేస్త్రి ఆగాడు. ఎవరో పరీక్ష చేసి చెప్పింది కాదు, తన ముక్కూ వేళ్ళూ చెప్పినది.

"ఎన్ని పనులు చేశాడు వాడు, ఏదీ నిలవలేదు," అంది భార్య. "ఇదొక్కటీ నిలబడుతోంది. గట్టిగా తెలియకుండా వాడి పొట్ట కొట్టకండి."

మరి నిమ్మళం పొట్ట? ఆ మాట ఇద్దరి మధ్యా ఉంది, ఇద్దరూ ఎత్తలేదు. ఆవిడ మళ్ళీ చక్రం నెట్టడం మొదలుపెట్టింది.

*

మర్నాడు నిమ్మళం గేటు దగ్గరికి వచ్చాడు. లోపలికి రావొద్దన్నారు కాబట్టి రాలేదు. ఇనుప కమ్మీలకి అవతల నిలబడి, మేస్త్రి చూసేదాకా పిలవకుండా ఉన్నాడు. అదీ అతని నిమ్మళం. మేస్త్రికి దాని మీద కూడా చిరాకే. అరవొచ్చుగా మనిషి, తిట్టొచ్చుగా.

అతను అడిగింది చిన్నది. ఇంజను విప్పారట కదా, నన్ను చూడనిస్తారా అని. పద్ధతి ప్రకారం పిలవాలి కదా మేస్త్రీ, ఇన్నేళ్ళలో ఎప్పుడూ పిలవకుండా ఉండలేదు అన్నాడు. మేస్త్రి గేటు కమ్మీ పట్టుకున్నాడు. ఓనరు రావాలి, వచ్చాక చూద్దాం అన్నాడు. తన గొంతు తనకే వేరేవాడిదిలా వినపడింది.

"పొద్దున్నే పుల్ల తీసి చూశాను మేస్త్రీ," అన్నాడు నిమ్మళం. "గీత మీదుంది. రోజూ చూస్తాను, మీకు తెలుసు. మా ఇంట్లోవాళ్ళు కూడా అడుగుతున్నారు, నిజంగా చూశావా అని. అడిగి అడిగి, చూశానో లేదో నాకే అనుమానం పట్టుకుంటోంది."

మొదటిసారి ఆ బస్సులో ఎర్ర డబ్బా పోసిన రోజు మేస్త్రికి గుర్తుంది. పోస్తుంటే నిమ్మళం పక్కనే ఉండి, ఇదేంటి మేస్త్రీ కొత్త తీర్థం అన్నాడు. నోరుమూసుకుని తాగించమన్నారు అని తను నవ్వాడు. పోసింది తన చెయ్యి. మూత బిగించి గుడ్డతో తుడిచింది కూడా ఇదే చెయ్యి. ఇప్పుడు కమ్మీ పట్టుకుని ఉన్నదీ ఇదే.

శనివారం రమ్మన్నాడు నిమ్మళాన్ని. ఎందుకో చెప్పలేదు. ఏం చెప్పాలో ఆయనకే తెలియదు. నిజానికి ఆ రాత్రికల్లా ఆయన ఒక నిర్ణయానికి వచ్చేశాడు, ఆ నిర్ణయం గొప్పదేమీ కాదు. ఓనరు చెప్పమన్నది చెప్పేయడం. వేరే షెడ్డులో ఎవరికైనా నిమ్మళం గురించి చాటుగా మంచి మాట చెప్పి పని చూపించడం. ఇలాంటి మురికి రాజీ చేసుకున్నవాళ్ళందరూ అనుకునేదే ఆయనా అనుకున్నాడు, అందరికీ కొంచెం కొంచెం న్యాయం అని. అనుకున్నాక అన్నం సహించలేదు.

*

శనివారం పొద్దున డ్రైవర్లు ఒక్కొక్కరే వచ్చి గోడవారగా కూర్చున్నారు. నిమ్మళం గేటు అవతలే నిలబడ్డాడు. ఓనరు ఇస్త్రీ చొక్కాతో వచ్చి, చేతులు కట్టుకుని, కానివ్వు మరి అన్నట్టు మేస్త్రి వైపు చూశాడు.

సరిగ్గా అప్పుడే బావమరిది కారు లోపలికి వచ్చింది. పక్క సీట్లో మేస్త్రి భార్య ఉంది. కుట్టిన యూనిఫారాల మూట స్కూల్లో ఇవ్వాలని, తమ్ముడు దారే కదా అంటే ఎక్కింది. ఆయిలు మార్చేదాకా దిగకుండా కూర్చుంటానంది. బావమరిది దిగి, అందరికీ నమస్కారాలు పెట్టి, కొద్దిగా త్వరగా కానిస్తావా బావా అన్నాడు. ఓనరు కూడా కానివ్వమన్నాడు, డబ్బాలు అమ్మేవాడు తన మనిషి కదా, నిమ్మళం తప్పని చెప్పేటప్పుడు అతనూ ఉంటే మంచిదే అనుకుని.

మేస్త్రి కారు గుంట మీదికి తీయించి, కింద తొట్టి పెట్టి, నూనె దించే బోల్టు విప్పాడు. నూనె ధార కట్టింది. ఆయనకి తెలియకుండానే చూపుడువేలు ధారలోకి వెళ్ళింది, బొటనవేలు దాన్ని కలిసింది. నల్లబడింది, నల్లబడాలి కదా. కానీ జారింది. సుబ్బరంగా, పలచగా, వేళ్ళ మధ్య ఏమీ లేనట్టు జారింది. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఉత్త ఇంజను నూనె వాసన.

వేళ్ళని మళ్ళీ నలిపి చూశాడు. ఈ కారుకి ఎప్పుడూ ఎక్కడెక్కడో ఆయిలు మార్పిస్తాడు బావమరిది, ఈ షెడ్డుకి తేవడం ఇదే మొదలు. మేస్త్రి గుంటలోంచి పైకి వచ్చాడు. బోల్టు బిగించి, కొత్త ఫిల్టరు పెట్టి, బానెట్టు కింద నూనె పోసే మూత తీశాడు. గోడ మీద రాసినట్టు ముందు ఎర్ర డబ్బా. షెడ్డులోకి వచ్చిన ఏ ఇంజనుకైనా అంతే. ఆయన అరలోంచి ఒక డబ్బా తీసి, సీలు చింపి, మూతి మీదికి వంచాడు. అలవాటుకొద్దీ వంచాడో, అనుమానం కొద్దీ వంచాడో తర్వాత ఎంత ఆలోచించినా ఆయనకి తేలలేదు.

డబ్బాలోంచి చుక్క పడలేదు. పడేలోపు ఒక అరచెయ్యి అడ్డం వచ్చింది.

బావమరిది చెయ్యి. ఇంజను మూతి మీద బోర్లించినట్టు పడింది, వెడల్పుగా, వేళ్ళన్నీ చాపి. పడుతున్న పసిపిల్లని పట్టుకునేవాడు ఎంత చప్పున పట్టుకుంటాడో అంత చప్పున. ఆ తర్వాత డబ్బా అంచున ఊగుతున్న చిక్కటి ధార తెగి ఆ చేతి వెనక పడింది, మణికట్టు మీదుగా కారి చొక్కా కఫ్‌లోకి పోయింది. అయినా అతను చెయ్యి తియ్యలేదు.

గోడవారగా కూర్చున్న డ్రైవర్లు లేచి నిలబడ్డారు. ఓనరు కట్టుకున్న చేతులు విప్పాడు.

బావమరిది నవ్వబోయాడు. ఇది చిన్న ఇంజను బావా, దీనికి అక్కర్లేదు, పెద్ద బళ్ళకే అది అన్నాడు. మేస్త్రి డబ్బా తిప్పి, దాని మీది బొమ్మలు అందరికీ కనపడేలా పట్టుకున్నాడు. లారీ బొమ్మ, మోటారు సైకిలు బొమ్మ, మధ్యలో అన్నిటికన్నా పెద్దగా కారు బొమ్మ.

కారు తలుపు తెరుచుకుంది. మేస్త్రి భార్య దిగింది. ఆవిడ ఎవరి వైపూ చూడలేదు, తమ్ముడి చేతినే చూస్తోంది. ఇంకా అక్కడే ఉంది అది, మూతి మీద, కాపలాగా.

"నా మిషనులో పోశావు కదరా," అంది.

గట్టిగా అనలేదు. తిట్టలేదు. ఎర్రగా కాయలు కాచిన తన కుడి అరచేతిని ఒకసారి చూసుకుంది. బావమరిది అక్కా అన్నాడు, అది వేరు అన్నాడు, ఇంకేదో అనబోయాడు. ఆవిడ వెనక సీట్లోంచి యూనిఫారాల మూట లాగి భుజాన వేసుకుంది, గేటులోంచి నడిచి వెళ్ళిపోయింది. నిమ్మళం పక్కకి జరిగి దారిచ్చాడు.

అక్కడి నుంచి అంత వేగంగా జారుకోవడం బావమరిదికి కుదరలేదు. కారులో చుక్క నూనె లేదు. అంతమంది చూస్తుండగా, చెయ్యి ఎక్కడ తుడుచుకోవాలో తెలియక, పక్కన నిలబడాల్సి వచ్చింది. డ్రైవర్లలో ఒకడు పోసెయ్ మేస్త్రీ, మొత్తం డబ్బా పోసెయ్ అన్నాడు. మేస్త్రికి పొయ్యాలనే ఉంది, అబద్ధం ఎందుకు. కానీ చేతులు రాలేదు. ఇంజనేం పాపం చేసింది? ఎర్ర డబ్బా కింద పెట్టి, మామూలు నూనె తెచ్చి, ఎప్పటిలాగే ఓపిగ్గా పోసి, డిప్‌స్టిక్ తుడిచి, ముంచి, చూసి, మూత బిగించాడు. మూత చుట్టూ గుడ్డతో తుడిచాడు కూడా. బావమరిది మొహం వైపు మాత్రం చూడలేదు.

కారు వెళ్ళాక ఓనరు చాలాసేపు గోడ మీద తను రాయించిన అక్షరాల వైపు చూశాడు. ఆ డబ్బా గురించి తను గొప్పలు చెప్పిన బస్సుల యజమానులందరూ ఆయనకి వరసగా గుర్తొచ్చి ఉంటారు. చివరికి, ఆ సంపు ఎక్కడ అని అడిగాడు, కడిగేశావా అని.

మేస్త్రి బల్ల కింద నుంచి గోనెపట్టాని లాగి, విప్పి, నడిమధ్యన పరిచాడు. గేటు దగ్గరికి వెళ్ళి తనే గడియ తీసి నిమ్మళాన్ని లోపలికి పిలిచాడు. ముగ్గురూ పక్కపక్కన నిలబడ్డారు. ముద్ద మీద మేస్త్రి వేలు పెట్టిన గుంట అలాగే ఉంది. ఓనరు వంగి తన వేలు కూడా పెట్టాడు, వాసన చూశాడు, మొహం పక్కకి తిప్పుకున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నవాడు ఆ వేలుని ఎక్కడ తుడవాలో తెలియక గాల్లో పట్టుకుని నిలబడ్డాడు. నిమ్మళం తన భుజం మీది గుడ్డ తీసి ఇచ్చాడు.

ఓనరు తుడుచుకున్నాడు. సోమవారం నుంచి డ్యూటీ ఎక్కు అన్నాడు నిమ్మళంతో, గుడ్డ తిరిగి ఇస్తూ. అంతే. తప్పయిందని లేదు, నొచ్చుకున్నట్టు కూడా లేదు. ఇక మీటింగు అయిపోయినట్టు ఫోను తీశాడు. మేస్త్రికి అది చాల్లేదు. డ్రైవర్లందరూ వినేలా గొంతు పెంచాడు.

"వీడు ఆయిలు చూసుకున్నాడు. రోజూ చూసుకున్నాడు. చూసుకోనిది మేము. పోయించింది ఆయన, పోసింది నేను."

ఓనరు ఫోనులోంచి తల ఎత్తలేదు. నిమ్మళం మాత్రం ఆ మాటకి ముక్కు ఎగబీల్చి, గుడ్డతో మొహమంతా తుడుచుకున్నాడు, అది ఏ వేలు తుడిచిన గుడ్డో మరిచిపోయి. బుగ్గ మీద గోధుమరంగు చార పడింది.

*

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి మిషను చప్పుడు లేదు. భార్య మిషను తలని బల్ల మీంచి ఎత్తి, నేల మీద పాత దుప్పటి పరిచి, దాని మీద పడుకోబెట్టింది. అడుగు పలక తనే విప్పేసింది, పక్కన స్క్రూలు ఒక గిన్నెలో ఉన్నాయి. మేస్త్రి గొంతుక్కూచుని లోపలికి చూశాడు. పళ్ళచక్రాల మధ్య, కడ్డీల కీళ్ళ దగ్గర అదే గోధుమరంగు. యూనిఫారాల నూలు పీచు అందులో దిగబడి, ఎండి, బంకలా గట్టిపడింది. ఇన్నాళ్ళూ ఆవిడ దీన్ని అరచేత్తో నెట్టుకొచ్చింది, దారం మందమని చెప్పి.

ఆయన ఛీ అనలేదు. లేచి పెరట్లోకి వెళ్ళి కిరసనాయిలు సీసా, పాత పళ్ళ బ్రష్షు, గుడ్డపేలికలు తెచ్చుకున్నాడు. మూత తీసి, బ్రష్షు ముంచి, మొదటి చక్రం మీదికి వంగాడు.

ఆవిడ ఆయన మణికట్టు పట్టుకుంది.

"కడక్కండి," అంది. "ఫోను చేశాను వాడికి. వచ్చి చూడనీ. ముగ్గురం చూశాకే కడుగుదాం."

మేస్త్రి బ్రష్షు పక్కన పెట్టాడు. సీసాకి మూత బిగించాడు. ఇద్దరూ దుప్పటికి చెరోపక్కా గోడకి ఆనుకుని కూర్చున్నారు, విప్పిన మిషనుని మధ్యలో ఉంచుకుని, బయట కారు చప్పుడు కోసం వింటూ.